మూడో రోజు నీళ్లు తెల్లబడితే

కొత్తగా పెట్టిన అక్వేరియం మొదటి రోజు తేటగా ఉంటుంది. రెండో రోజు సాయంత్రానికో మూడో రోజు పొద్దున్నకో నీళ్లలోకి పలచటి తెలుపు దిగుతుంది. మరునాటికి తొట్టి వెనక అంటించిన నీలిరంగు పోస్టరు కూడా సరిగా ఆనదు. ఇంట్లోవాళ్లు కంగారుపడి చేపలు కొన్న చోటికి ఫోను చేస్తారు. "నీళ్లన్నీ తీసేయండి, రాళ్లూ ఫిల్టరూ శుభ్రంగా కడిగి మళ్లీ నింపండి" అని జవాబు వస్తుంది. చెప్పినట్టే చేస్తారు. ఆ పూటకు నీళ్లు మెరుస్తాయి. రెండు రోజులు తిరక్కుండా మళ్లీ అదే తెలుపు, మళ్లీ కడుగుడు. ఈ మధ్యలో ఒకటో రెండో చేపలు చనిపోతాయి. నింద మసక మీద పడుతుంది.

ఆ మసక చేపల్ని చంపడం అరుదు. చంపేది కంటికి కనిపించదు, నీళ్లు తేటగా ఉన్నప్పుడు కూడా అందులో ఉంటుంది. మసకను పోగొట్టాలని మనం చేసే పనులే చాలాసార్లు ఆ కనిపించని విషాన్ని పెంచుతాయి. అందుకని ముందు అది ఏ రకం మసకో తెలుసుకోవాలి. తెలిశాక, చాలా సందర్భాల్లో చేయాల్సింది తక్కువ, ఆగాల్సింది ఎక్కువ. చేపలు అవస్థ పడుతున్నాయేమో అనిపిస్తున్నప్పుడు ఊరికే కూర్చోవడం ఎవరికైనా కష్టమే. కారణం తెలిస్తే ఆ కష్టం కొంత తగ్గుతుంది.

గాజు గ్లాసు నిండా తొట్టి నీళ్లు ముంచి, వెనక అక్షరాలు రాసిన తెల్ల కాగితం పెట్టి పగటి వెలుగులో చూడండి. నీళ్లలో ఆకుపచ్చ ఛాయ కనబడితే అది నాచు. టీ రంగు ఉండి, అవతలి అక్షరాలు మాత్రం స్పష్టంగా కనిపిస్తే అది తొట్టిలో అలంకరణకు పెట్టిన చెక్క నుంచి దిగిన టానిన్. చూపుకు బాగుండకపోవచ్చు గానీ చేపలకు హాని లేదు. తెల్లగానో బూడిదరంగులోనో ఉంటే గ్లాసును కదపకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే అడుగున సన్నటి పొడి పేరుకుని పైనీళ్లు తేరుకుంటే అది మట్టి, రాతిదుమ్ము. ఎంతసేపు ఉంచినా తేరుకోకుండా అడుగు నుంచి అంచు దాకా ఒకే రకం మసక నిలిచి ఉంటే అది బ్యాక్టీరియా. సమయం కూడా ఆనవాలే. నింపిన గంటలోనే మసకబారితే దుమ్ము, రెండు మూడు రోజులకు మొదలైతే బ్యాక్టీరియా, వారాలు గడిచాక పచ్చబడితే నాచు.

దుమ్ము సంగతి తొందరగా తేల్చేయొచ్చు. సంచిలో వచ్చే గులకరాళ్లకూ ఇసుకకూ ఒరుసుకున్న పొడి అంటుకుని ఉంటుంది. రెండు గుప్పెళ్ల చొప్పున బకెట్లో వేసి, చేత్తో కలుపుతూ, వంచిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. సబ్బు తగలకూడదు. నింపేటప్పుడు రాళ్ల మీద ఒక పళ్లెం బోర్లించి నీళ్లు దాని మీద పోస్తే అడుగు లేవదు. అప్పటికే లేచిపోయిన దుమ్ముకు ఫిల్టరులో కాస్త ఫిల్టర్ కాటన్ పెడితే ఒకటి రెండు రోజుల్లో పట్టేస్తుంది. బోరు నీళ్లలో ఇంకో తెలుపు ఉంది. గీజరు లోపలా కెటిల్ అడుగునా తెల్లటి పెచ్చు కట్టించే సున్నమే అది. బాగా కఠినమైన నీళ్లను తొట్టిలో బుడగలతో ఆడించినప్పుడు, వాటిలో కరిగున్న కార్బన్ డయాక్సైడ్ పోయి, కొంత కాల్షియం కార్బొనేట్ విడిపడి మసకగా కనిపిస్తుంది. అదీ మెల్లగా దిగిపోతుంది.

ఇక మూడో రోజు తెలుపు. దీని గురించి తీరుబడిగా చెప్పుకోవాలి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరిన్ కలిపి పంపే నీళ్లలో, మన కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. బ్యాక్టీరియాను అణచి ఉంచేది అదే. చేపల కోసం మనం ఆ క్లోరిన్‌ను తీసేస్తాం. షాపులో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే మందులో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో హైపో అనేవారే, అదే. క్లోరిన్ పోయిన క్షణం నుంచి ఆ నీళ్లు ఎవరు ముందొస్తే వాళ్లవి. రాళ్ల మీది జిగురు, చెక్కలోని చక్కెరలు, కొత్త చోట కుళ్లుతున్న మొక్కల ఆకులు, చేపలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జన అన్నీ నీళ్లలో కరుగుతూ ఉంటాయి. వాటిని తిని బతికే బ్యాక్టీరియా గాల్లోంచి, రాళ్ల నుంచి, చేపల ఒంటి నుంచి వచ్చి చేరుతుంది. తిండి దొరికితే ఈ రకాలు గంటలోపే రెట్టింపు కాగలవు. ఒక్కో కణం మిల్లీమీటరులో వెయ్యో వంతు. అలాంటివి ప్రతి మిల్లీలీటరులో కోటి దాకా చేరేసరికి వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది. మనకు మసకగా కనిపించేది ఆ చెదిరిన వెలుతురే.

ఫిల్టరు రాత్రింబవళ్లు తిరుగుతున్నా ఈ మసక ఎందుకు పోదో దీన్నిబట్టి అర్థమవుతుంది. స్పాంజి రంధ్రాలు ఈ కణాలకు బార్లా తెరిచిన వాకిళ్లు. నీళ్లు మొత్తం మార్చితే ఎందుకు తిరిగొస్తుందో కూడా ఇందులోనే ఉంది. పాత నీళ్లతో కణాలు పోతాయి గానీ రాళ్లలో, చెక్కలో తిండి అలాగే ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి కణాలు మళ్లీ మొదటి నుంచి పెరుగుతాయి. వదిలేస్తే అవే ఆగిపోతాయి. కరిగున్న తిండి అయిపోతుంది, కొన్ని చచ్చిపోతాయి, మిగతావాటిని ఏకకణ జీవులు మేసేస్తాయి. చాలా తొట్లలో ఇదంతా నాలుగైదు రోజుల నుంచి రెండు వారాల్లోపు ముగుస్తుంది. స్కూల్లో సైన్సు పుస్తకంలో బొమ్మ వేసిన పారమీషియం ఇలా మేసే గుంపులోదే. చేపపిల్లలు పెంచేవాళ్లు దీన్ని కావాలనే ఒక సీసాలో తయారుచేసుకుంటారు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన ఫైటర్ చేపపిల్లల నోట్లో పట్టే తొలి ఆహారాల్లో అదొకటి. కొత్త తొట్టిలోని తెలుపు మురికి కాదు, ఒక తిండి గొలుసుకు మొదలు.

అయితే ప్రమాదం ఎక్కడ? ఒకటి ఆక్సిజన్ దగ్గర. ఇంతమంది తింటున్నారంటే ఊపిరీ పీలుస్తున్నట్టే. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది సుమారు 7.5కు దిగుతుంది. మే నెలలో మన ఇళ్లలో తొట్టి నీళ్లు 30 దాటడం మామూలే. మసక ఉన్న రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తూ కనిపిస్తే కారణం ఇదే. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులకు ఈ దృశ్యం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. చేప తల పైకెత్తిందంటే వాళ్లు పరుగున వెళ్లి ఏరియేటర్ వేస్తారు, ఆ పూట మేత ఆపేస్తారు. తొట్టికీ సరిగ్గా ఆ రెండు పనులే. గాలి మోటారు పెట్టండి, మేత ఆపండి.

రెండోది అమోనియా. అసలు హంతకి ఇదే. చేప మొప్పల నుంచీ, కుళ్లే మేత నుంచీ అమోనియా వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు. నిలకడకు వచ్చిన తొట్టిలో ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది, అది ఎక్కువైన చేప మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. నైట్రేట్ మాత్రం మామూలు మోతాదులో పెద్దగా బాధించదు, నీళ్లు మార్చినప్పుడల్లా కొంత పోతుంది. ఈ మార్పు చేసే జీవుల్ని వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త 1890 ప్రాంతంలో వేరుచేసి చూపాడు. అక్వేరియాల్లో నైట్రైట్‌ను తినేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు. అది నైట్రోస్పైరా అని తిమోతీ హొవానెక్ బృందం 1998లో చూపింది. 2015లో ఇంకో విశేషం బయటపడింది. నైట్రోస్పైరాలో కొన్ని రకాలు అమోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒంటరిగా చేసుకుపోగలవు. అలాంటివి దొరికిన చోట్లలో చేపల పెంపకం కేంద్రపు ఫిల్టరు ఒకటి.

ఈ జీవులకు రెండు స్వభావాలున్నాయి, ఆ రెండూ మనకు లెక్కకు రావాలి. అవి నెమ్మది. మసక పుట్టించే రకం గంటలో రెట్టింపైతే వీటికి రోజుకు అటూ ఇటూ పడుతుంది. అందుకే కొత్త తొట్టి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. రెండో సంగతి, అవి నీళ్లలో తేలుతూ తిరగవు. స్పాంజికీ రాళ్లకూ అద్దానికీ సన్నటి పొరలా అంటుకుని బతుకుతాయి. మసక చూసి భయపడి స్పాంజిని కుళాయి కింద పెట్టి పిండామంటే, క్లోరిన్‌తో వాటిని చంపి, మిగిలినవాటిని సింకులో వదిలేసినట్టే. రాళ్లన్నీ తీసి ఎండబెట్టామంటే ఇంకా అన్యాయం. నీళ్లు తేటగా అవుతాయి, అమోనియాను తినేవాళ్లు మాత్రం ఉండరు. అంత తేట నీళ్లలో చేప చనిపోవడం చూసి ఇంట్లోవాళ్లు తెల్లబోతారు.

మన ప్రాంతపు నీళ్ల గురించి ఇక్కడ ఒక మాట చెప్పకపోతే సగం చెప్పినట్టే. నీళ్లలోని అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు పెద్దగా ఎక్కదు, రెండోది మొప్పల్లోంచి సూటిగా ఒంట్లోకి పోతుంది. ఏది ఎంత ఉండాలో పీహెచ్ తేలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషపు రూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే సుమారు 5 శాతం. అదే పీహెచ్‌లో వేడి 30 డిగ్రీలకు చేరితే 7 శాతం దాటుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల బోరు నీళ్లు కఠినంగా, 7.5 నుంచి 8కి పైగా పీహెచ్‌తో వస్తాయి. టెస్ట్ కిట్ చూపించే అంకె ఒకటే అయినా, పీహెచ్ తక్కువున్న నీళ్ల తొట్టిలో చేప ఓర్చుకున్నది బోరు నీళ్ల తొట్టిలో ఓర్చుకోలేకపోవచ్చు. ఆ భయంతో ఆర్వో నీళ్లతో నింపేవాళ్లున్నారు. అదీ మంచిది కాదు. అమోనియాను మార్చే జీవులకు నీళ్లలో క్షారత కావాలి. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌ను మార్చడానికి దాదాపు 7 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత ఖర్చవుతుంది. ఆర్వో నీళ్లలో అది ఉండదు. పీహెచ్ పడిపోతుంది, ఆ జీవుల పని ఆగిపోతుంది. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే సగం ఆర్వో కలుపుకోవచ్చు, పూర్తిగా వద్దు.

మరి మసక వచ్చిన తొట్టికి ఏం చేయాలి? చేపలు ఇంకా వేయకపోతే ఏమీ చేయొద్దు. ఫిల్టరు నడుస్తూ ఉండనివ్వండి, చేపలు కొనడం వాయిదా వేయండి. చేపలు ఉంటే మేత బాగా తగ్గించండి. రెండు నిమిషాల్లో తినేసేంత, అదీ రోజుకు ఒకసారి చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు మేత లేకున్నా ఇబ్బంది పడదు. పిల్లలు ప్రేమతో వేసే చిటికెడు మేత ఇంట్లో నలుగురి చేతుల మీదుగా నాలుగు చిటికెలవుతుంది, అందుకని ఆ పని ఒక్కరికే అప్పజెప్పడం మేలు. అమోనియా, నైట్రైట్ చూసే ద్రవపు టెస్ట్ కిట్ కొనండి. కొత్త తొట్టికి అలంకరణ బొమ్మల కన్నా అది ముఖ్యమని నేను గట్టిగా అనుకుంటాను. పరీక్ష గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని చుక్కలు వేసి కలిపితే, కొన్ని నిమిషాల్లో పసుపు నిలిచిందా పచ్చబడిందా కనిపిస్తుంది. పసుపైతే అమోనియా లేదు. పచ్చదనం ఎంత ముదిరితే అంత ఉన్నట్టు.

కిట్ చూపే అంకె లీటరుకు 0.25 మిల్లీగ్రాములు దాటితే నీళ్లు మార్చండి, మొత్తం మాత్రం కాదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో అంచు దాకా 56 లీటర్లు పడుతుంది. రాళ్లూ పైన వదిలే ఖాళీ పోను 45 లీటర్లుంటాయి. అందులో 10, 12 లీటర్లు, అంటే ఒక మామూలు బకెట్టు, తీసి పోస్తే సరిపోతుంది. కావాలంటే మరునాడు ఇంకో బకెట్టు. కొత్త నీళ్లకు ముందే యాంటీ క్లోరిన్ కలిపి, చెయ్యి పెట్టి చూస్తే తొట్టి నీళ్ల వేడిమే ఉండేలా చూసుకోవాలి. ఫిల్టరు స్పాంజి మరీ జామ్ అయితే తీసిన ఆ పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి తిరిగి పెట్టేయండి.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది, డబ్బు ఖర్చు లేనిది, ఇంకోటుంది. నెలల తరబడి ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉన్న స్నేహితుడి దగ్గర పాత స్పాంజి ముక్క అడగండి. తడి ఆరకుండా ఆ తొట్టి నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. ఆరు వారాల పని చాలావరకు తగ్గిపోతుంది. వాళ్ల తొట్టిలో జబ్బు చేపలు లేవని మాత్రం ముందు కనుక్కోండి.

కొన్ని ఇళ్లలో రాత్రి చప్పుడని, కరెంటు దండగని ఫిల్టరు ఆపేసి పడుకుంటారు. మూసి ఉన్న ఫిల్టరులో నీళ్లు కదలకపోతే గంటల్లో ఆక్సిజన్ అయిపోతుంది, స్పాంజిలోని జీవులు చావడం మొదలుపెడతాయి. 5 వాట్ల మోటారు నెలంతా ఆపకుండా తిరిగినా 3.6 యూనిట్లు. దానికోసం తొట్టిని ప్రతి రాత్రీ వెనక్కి నెట్టకండి. కరెంటు కోతలు ఎక్కువున్న ఊళ్లో బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారూ స్పాంజి ఫిల్టరూ పెట్టుకోవడం ఉత్తమం.

నీళ్లు తేర్చడం మన ఊళ్లకు కొత్త కాదు. వరద నీళ్ల బిందెలో పటిక తిప్పడం, బిందె లోపల చిల్లగింజ అరగదీయడం పెద్దవాళ్లకు తెలుసు. ఆ పద్ధతులు మంచివే, నీళ్లలో తేలే సన్నటి మట్టిని ముద్ద కట్టించి అడుగుకు దించుతాయి. అవి తాగే నీళ్ల కోసం పుట్టినవి, చేపలు బతికే నీళ్లకు కాదు. పటిక నీళ్ల క్షారతను తినేసి పీహెచ్‌ను దించుతుంది, అందులోని అల్యూమినియం మొప్పలకు పట్టుకుంటుంది. చిల్లగింజ పొడి మసకను పెంచే తిండే అవుతుంది. షాపులో దొరికే వాటర్ క్లారిఫయర్ ద్రవాలు కూడా ముద్ద కట్టించే పనే చేస్తాయి. దుమ్ముకు ఒకసారి వాడొచ్చు, బ్యాక్టీరియాకు వాడితే నాలుగు రోజుల అందం మాత్రమే. జబ్బు లేకుండా మిథిలీన్ బ్లూ లాంటి మందులు పోయమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. అమోనియాను మార్చే జీవులకూ మొక్కలకూ అది హాని చేస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు అదనంగా ఒక జాగ్రత్త. మన దగ్గర బకెట్లో నీళ్లు ఒకటి రెండు రోజులు ఆరబెడితే క్లోరిన్ చాలావరకు పోతుంది, అమ్మ చెప్పిన ఆ పద్ధతినే అక్కడా పాటిస్తుంటారు. అక్కడ చాలా నగరాల్లో క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతారు. నీళ్లు ఆరబెట్టినంత మాత్రాన అది పోదు, మందుతో విడగొడితే అమోనియా మిగులుతుంది. అమోనియాను కూడా కట్టేసే రకం కండిషనర్ అని సీసా మీద చూసి కొనుక్కోవాలి.

ఆకుపచ్చ మసక వేరే కథ. కిటికీ ఎండ, రోజుకు 10, 12 గంటల లైటు, ఎక్కువైన మేత కలిస్తే ఏకకణ నాచు పెరుగుతుంది. లైటు ఆరేడు గంటలకు తగ్గించాలి. అప్పటికీ పోకపోతే మూడు నాలుగు రోజులు తొట్టికి దుప్పటి కప్పి చీకటి చేయాలి, గాలి మోటారు మాత్రం ఆపకూడదు. చచ్చిన నాచు కుళ్లుతుంది కాబట్టి తర్వాత ఒక బకెట్టు నీళ్లు మార్చాలి.

ఈ తంటా మన కాలానిదే కాదు. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పాత్రలో రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లనూ వాలిస్‌నేరియా మొక్కనూ ఉంచి, నీళ్లు మార్చకుండా నడపడం గురించి 1850లో కెమికల్ సొసైటీకి రాశాడు. ఆయనకూ నీళ్లు మసకబారాయి. కుళ్లుతున్న ఆకులే కారణమని గమనించి, వాటిని తినే నత్తల్ని వదిలాడు. నీళ్లు తేరుకున్నాయి. నైట్రోజన్ సంగతి తెలిపిన బ్యాక్టీరియా పాఠాలు అప్పటికి ఇంకా పుట్టలేదు. ఆయన చూసింది సరైన చోటే, నీళ్లలో తిండి ఎక్కడి నుంచి వస్తోందన్నదే.

వారాలు గడిచి అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తూ, నైట్రేట్ కనబడుతుంటే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు కూడా ఒకేసారి డజను చేపలు తేవద్దు. ఫిల్టరులోని జీవులు ఉన్న చేపల లెక్కకు సరిపడా మాత్రమే ఉంటాయి. రెండు మూడు గప్పీలతోనో టెట్రాలతోనో మొదలుపెట్టి, వారం పది రోజులు కిట్‌లో సున్నాలే వస్తుంటే ఇంకో రెండు. గోల్డ్ ఫిష్ వదిలే వ్యర్థం చాలా ఎక్కువ, రెండడుగుల తొట్టిలో ఒకటికి మించి వద్దు. అది పెరిగాక అదీ ఇరుకే, ఇంకా పెద్ద తొట్టి చూసుకోవాలి. కొత్త చేప వచ్చిన రెండో రోజు నీళ్లు కొంచెం తెల్లబడవచ్చు. ఆ రోజు మేత సగం చేయండి, గాలి మోటారు రాత్రంతా నడవనివ్వండి, ఫిల్టరు జోలికి పోకండి.